మూడో కనెక్టర్ వచ్చాకే బేస్

ఒరాకిల్ నుంచి డేటా తెచ్చే కనెక్టర్ ఒకరు రాస్తారు. కొన్నాళ్లకు ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు కూడా కావాల్సి వస్తుంది. ఇంకొకరు ఆ మొదటిదాన్నే కాపీ చేసుకుని, నాలుగు చోట్ల మార్చి, గడువులోగా పని ముగిస్తారు. తర్వాత పోస్ట్‌గ్రెస్, ఆ తర్వాత మైఎస్‌క్యూఎల్. ఏడాది తిరిగేసరికి ఒకే పోలికతో నాలుగు కోడ్‌లు తయారవుతాయి. నెట్‌వర్క్ తెగితే మళ్లీ ప్రయత్నించే చోట లోపం బయటపడితే ఒకదాంట్లో సరిచేస్తారు, మిగతా మూడూ అలాగే ఉండిపోతాయి. పాస్‌వర్డు లాగ్ ఫైల్లో పడకుండా ఒకచోట జాగ్రత్త పడతారు, రెండోచోట అది రోజూ పడుతూనే ఉంటుంది. ఎవరి పని వాళ్లు బాగానే చేశారు. అందరి పనీ కలిపి చూసే మనిషి మాత్రం లేడు. ఆ మనిషి మీరే ఎందుకు కాకూడదని అడగడానికే ఈ అధ్యాయం.

టెక్సస్‌లోని కాపెల్‌లో ఉండి ఇది చదువుతున్నవాళ్లకు ఈ పరిస్థితిని నేను వర్ణించక్కర్లేదు. డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయాన్ని ఆనుకుని ఉత్తరం వైపున ఉన్న ఈ ఊళ్లో 2020 లెక్కల ప్రకారం దాదాపు 43 వేల జనాభా. 1974లో విమానాశ్రయం తెరిచాక చుట్టుపక్కల ఊళ్లన్నీ పెరిగాయి, కంపెనీలు వచ్చాయి, వాటి వెంట మన తెలుగువాళ్లమూ వచ్చాం. పొద్దున్నే కారెక్కి కొందరు ఇర్వింగ్‌లోని లాస్ కొలీనాస్ వైపు, కొందరు ప్లేనో వైపు, కొందరు డాలస్ డౌన్‌టౌన్ వైపు వెళతారు. బ్యాంకు, బీమా, టెలికం, ఎయిర్‌లైన్, గృహరుణాలు, రిటైల్: ఏ ఆఫీసులో అడుగుపెట్టినా లోపల ఒకటికి నాలుగు రకాల డేటాబేసులు ఉంటాయి. ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొన్న ప్రతిసారీ ఇంకో రకం వచ్చి చేరుతుంది. వాటన్నిటినీ ఒకచోటికి తెచ్చే పనిలో మనవాళ్లు చాలామంది ఉన్నారు.

మనం ఆ పని నేర్చుకున్న తీరు కూడా ఒకసారి గుర్తు చేసుకోవాలి. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న బోర్డుల్లో ఒరాకిల్ ఒక కోర్సు, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒక కోర్సు, ఇన్ఫర్మాటికా ఇంకో కోర్సు. ప్రోడక్టు పేరుతో నేర్చుకున్నాం, ప్రోడక్టు పేరుతోనే రెజ్యూమె రాసుకున్నాం, ఇంటర్వ్యూలో కూడా 'నేను ఒరాకిల్ మనిషిని' అని చెప్పుకున్నాం. ఆ చదువు మనకు అన్నం పెట్టింది, దాన్ని తక్కువ చేయను. కానీ పదేళ్ల అనుభవం తర్వాత కూడా ప్రోడక్టు పేరుతోనే మనల్ని మనం పిలుచుకుంటే, ఆ ప్రోడక్టు లైసెన్సు ఎప్పుడు ముగిస్తారో అప్పుడే మన గుర్తింపూ ముగుస్తుంది. అన్ని కనెక్టర్లకూ పునాదిగా, ఏ డేటాబేసు వచ్చినా నిలబడే ఉమ్మడి బేస్ కనెక్టర్ కట్టగలిగినవాడికి ఆ భయం తక్కువ.

కాడ్ వదిలేసిన పని

డ్రైవర్లు ఉండగా ఇంకా బేస్ ఎందుకని అడిగేవాళ్లకు కొంచెం చరిత్ర చెప్పాలి. ఐబీఎం శాన్ హొసే పరిశోధనశాలలో ఎడ్గర్ కాడ్ 1970 జూన్‌లో రిలేషనల్ మోడల్ వ్యాసం ప్రచురించాడు. డిస్కు మీద డేటా ఎలా పేర్చి ఉందో వాడుకునేవాడికి తెలియాల్సిన అవసరం లేదన్నది ఆ వ్యాసం ప్రాణం. 1974లో అదే ఐబీఎంలో చాంబర్లిన్, బాయ్స్ ఆ మోడల్‌కు ఒక భాష తయారుచేశారు. 1979లో ఒరాకిల్ మార్కెట్లోకి వచ్చింది. ఎస్‌క్యూఎల్‌కు అమెరికా ప్రమాణం వచ్చింది మాత్రం 1986లో. అప్పటికే ప్రోడక్టులు అమ్ముడుపోతున్నాయి, కస్టమర్లు వాటికి అలవాటు పడిపోయారు, ఎవరి యాస వాళ్లకు స్థిరపడిపోయింది. తర్వాత 1992లో ఓడీబీసీ, 1997లో జావా కోసం జేడీబీసీ వచ్చి తలుపు తట్టే పద్ధతిని ఒకటి చేశాయి. తలుపు తెరిచాక లోపల మాట్లాడే యాసను అవి మార్చలేదు. ఆ మిగిలిపోయిన పనే మన బేస్ కనెక్టర్ పని.

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఒకసారి ఎంతో ఉత్సాహంగా అడిగాడు.

"అన్నా, అన్నిటికీ డ్రైవర్ ఉంది కదా. ఒక బేస్ క్లాసు రాసేసి, కింద పేర్లు మార్చుకుంటూ పోతే సరిపోదా?"

"సరే తమ్ముడూ, కనెక్షన్ బతికుందో లేదో చూడ్డానికి ఏం క్వెరీ పంపుతావు?"

"సెలెక్ట్ వన్."

"మనకున్న ఒరాకిల్ 19కి?"

ఒక్క క్షణం ఆలోచించాడు. "ఫ్రమ్ డ్యూయల్ చేర్చాలి."

"పేరులో ఖాళీ ఉన్న కాలమ్‌ను ఎలా రాస్తావు?"

"కోట్స్‌లో." మళ్లీ ఆగాడు. "మైఎస్‌క్యూఎల్ అయితే బ్యాక్‌టిక్. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో చదరపు బ్రాకెట్లు చూశాను."

"మొదటి వంద వరుసలు కావాలంటే?"

అక్కడ నవ్వేశాడు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్‌లలో లిమిట్ అంటాం. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో టాప్. ఒరాకిల్‌లో 2013 నాటి 12సీ నుంచి ఫెచ్ ఫస్ట్, అంతకుముందున్న వాటిలో రోనమ్. ఇన్నేళ్లుగా డేటాబేసుల మధ్య బతుకుతున్నవాళ్లకు ఇవన్నీ నోటికి వచ్చినవే. కానీ బేస్ రాయడానికి కూర్చున్నప్పుడు వీటిని కాగితం మీద పక్కపక్కన పెట్టుకునేవాళ్లు తక్కువ.

అందుకే నా మొదటి సలహా చాలామందికి నచ్చదు. బేస్‌తో మొదలుపెట్టకండి. మొదటి కనెక్టర్ మామూలుగా రాయండి. రెండోదాన్ని కాపీ చేసుకునే రాయండి, సిగ్గుపడక్కర్లేదు. మూడోది వచ్చినప్పుడు ఆగండి. మార్టిన్ ఫౌలర్ 1999లో తెచ్చిన రీఫ్యాక్టరింగ్ పుస్తకంలో, డాన్ రాబర్ట్స్ చెప్పినదంటూ, ఈ మూడోసారి సూత్రాన్ని ఉంచాడు. దాని బలం అనుభవంలో తెలుస్తుంది. ఒకటే ఉన్నప్పుడు ఏది ఉమ్మడో ఊహించాలి. రెండున్నప్పుడు యాదృచ్ఛికంగా కలిసినవి కూడా ఉమ్మడిలాగే కనిపిస్తాయి. మూడోది వచ్చినప్పుడు ఏది నిజంగా మూడింటికీ ఒకటో, ఏది ఇద్దరికే చుట్టరికమో కళ్లముందు తేలుతుంది. తొందరపడి ముందే కట్టిన బేస్‌ను కూల్చడం నాలుగు కాపీలను భరించడంకన్నా కష్టం. ఎందుకంటే అప్పటికే దాని మీద పదిమంది నిలబడి ఉంటారు.

తేడాలే ముందు

మూడు కనెక్టర్లు చేతిలో ఉన్నాక కాగితం తీసుకోండి. ఉమ్మడి విషయాల జాబితా రాయాలని చేయి లాగుతుంది, అది తర్వాత. ముందు తేడాలు రాయండి. బేస్ బతకడం, చావడం తేడాల దగ్గరే తేలుతుంది.

ఒరాకిల్ ఖాళీ స్ట్రింగ్‌ను నల్ కింద లెక్కేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌కు ఆ రెండూ వేరు. ఒరాకిల్‌లో డేట్ అంటే తేదీతోపాటు గంటా నిమిషం సెకను కూడా ఉంటాయి. మిగతావాటిలో డేట్ అంటే తేదీ మాత్రమే. మీ బేస్‌లో డేట్‌ను డేట్‌గా మారుస్తూ ఒకే లైను రాస్తే ఒరాకిల్ నుంచి వచ్చే ప్రతి లావాదేవీ సమయమూ అర్ధరాత్రి అయి కూర్చుంటుంది. ఎర్రర్ రాదు. లైను ఎర్రబడదు. ఎవరో ఆడిటర్ అడిగేదాకా ఎవరికీ తెలియదు.

కోట్స్ లేకుండా రాసిన పేర్లను ఒరాకిల్ పెద్దక్షరాలుగా మార్చుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ చిన్నక్షరాలుగా మార్చుకుంటుంది. అక్షరాల్ని పోల్చే తీరు ఇంకా చిక్కు. మైఎస్‌క్యూఎల్ మామూలు సెట్టింగుల్లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడదు. పోస్ట్‌గ్రెస్ చూస్తుంది. కాబట్టి వేగం కోసం ఫిల్టర్‌ను డేటాబేసు లోపలికే పంపేద్దామని మీరు బేస్‌లో రాస్తే, ఒకే ప్రశ్నకు రెండు డేటాబేసులు రెండు రకాల జవాబులు ఇస్తాయి.

ఇప్పుడు మన పేర్ల సంగతి చూద్దాం, ఇది మనవాళ్లే గట్టిగా పట్టుకోవాల్సిన విషయం. 'వెంకటేశ్వర్లు' అని తెలుగులో రాసిన పేరు ఒక టేబుల్లో ఉందనుకోండి. కంటికి ఐదు అక్షరాలు: వెం, క, టే, శ్వ, ర్లు. యూనికోడ్ లెక్కలో మాత్రం హల్లు, గుణింతం, పొల్లు, సున్నా విడివిడిగా 13 కోడ్‌లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కు 3 బైట్లు, మొత్తం 39. ఒరాకిల్‌లో వార్‌చార్2 కాలమ్ సైజు 20 అని రాస్తే, ఎవరూ ఏమీ మార్చకపోతే, అది 20 బైట్లు. వెంకటేశ్వర్లుగారు అందులో సగం కూడా పట్టరు. పోస్ట్‌గ్రెస్‌లో అదే 20 అంటే 20 కోడ్‌లు, అక్కడ సుఖంగా పడతారు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మామూలు వార్‌చార్ కాలమ్‌లో, సాధారణ ఇంగ్లిష్ సెట్టింగులతో ఉంటే, పేరు మొత్తం ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. అక్కడ ఎన్‌వార్‌చార్ కావాలి. బేస్‌లో 'స్ట్రింగ్, సైజు 20' అని ఒకే మాటలో రాసేసిన ఇంజనీరు ఈ మూడింటినీ ఒకటే అనుకున్నాడు. ఇంగ్లిష్ పేర్లతో టెస్ట్ చేసినంతకాలం అతనికి అంతా బాగానే ఉంటుంది. మీ టెస్ట్ డేటాలో ఒక తెలుగు పేరు, ఒక తమిళ పేరు, ఒక చైనీస్ పేరు, ఒక ఎమోజీ ఎప్పుడూ ఉండాలి. ఈ చిన్న పని అడగకుండానే మీ అంతట మీరు చేయండి.

తేడాల కాగితం నిండాక మిగిలినదే ఉమ్మడి. చూస్తే అది మీరనుకున్నదానికంటే చిన్నది: కనెక్షన్ తెరవడం, మూయడం, తెగితే ఎంతసేపు ఆగి మళ్లీ ప్రయత్నించాలో చూడటం, పాస్‌వర్డులను వాల్ట్ నుంచి తీసుకోవడం, వాటిని లాగ్‌లోకి రానివ్వకపోవడం, టేబుళ్ల జాబితా అడిగే వరస, ఎక్కడిదాకా చదివామో గుర్తుపెట్టుకోవడం, కొలతలు పంపడం. ఇంతే. కోట్ ఎలా పెట్టాలి, పేజీ ఎలా కోయాలి, ఏ టైపు దేనికి సమానం, బతికుందా అని ఎలా అడగాలి అన్నవి కింది కనెక్టర్లకే వదలాలి. బేస్ వాటిని అడుగుతుంది, తాను చెప్పదు. బేస్ లోపల 'ఒరాకిల్ అయితే ఇలా' అని ఒక్క షరతు కనిపించినా ఆ మార్పును ఒప్పుకోకండి. ఆ ఒక్కటి ఉంటే రేపు ఇంకో పది వచ్చి చేరతాయి.

పెద్దవాళ్లు ఎలా కట్టారో చూడండి

ఇది ఊహలో చెప్పే సంగతి కాదు, కోడ్ తెరిచి చూసుకోవచ్చు. ఫేస్‌బుక్‌లో 2012లో మార్టిన్ ట్రావెర్సో, డెయిన్ సండ్‌స్ట్రామ్, డేవిడ్ ఫిలిప్స్, ఎరిక్ హ్వాంగ్ మొదలుపెట్టిన ప్రెస్టో అనే క్వెరీ ఇంజిన్‌ను 2013లో అందరికీ తెరిచారు. దాన్నుంచి వచ్చిన శాఖకు 2020 డిసెంబర్‌లో ట్రినో అని పేరు పెట్టారు. అందులో బేస్ జేడీబీసీ అని ఒక మాడ్యూల్ ఉంది. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, రెడ్‌షిఫ్ట్ కనెక్టర్లన్నీ దానిమీదే నిలబడ్డాయి. ఒక సెలవురోజు పొద్దున్న కాఫీ పెట్టుకుని ఆ మాడ్యూల్, పోస్ట్‌గ్రెస్ కనెక్టర్ పక్కపక్కన తెరిచి చదవండి. డబ్బు కట్టి చేరే ఏ కోర్సులోనూ రాని చదువు అది.

అందులో నాకు బాగా నచ్చినవి రెండు. బేస్‌కు తెలియని టైపు కాలమ్ ఎదురైతే ఏం చేయాలన్నది వాళ్లు దాచిపెట్టలేదు. ఆ కాలమ్‌ను వదిలేయాలా, అక్షరాలుగా మార్చి ఇవ్వాలా అన్నదానికి ఒక సెట్టింగు ఇచ్చారు. ఏం జరుగుతుందో వాడుకునేవాడికి ముందే తెలుస్తుంది. ఇక్కడ నా సొంత అభిప్రాయం ఇంకాస్త కఠినం: ఆఫీసు పనిలో తెలియని టైపు వస్తే కనెక్టర్ గట్టిగా ఆగిపోవాలి, కాలమ్ పేరు చెప్పి మరీ ఆగాలి. నిశ్శబ్దంగా వదిలేసిన కాలమ్ వల్ల జరిగే నష్టం, రాత్రి ఆగిపోయిన జాబ్ వల్ల జరిగే నష్టంకంటే ఎప్పుడూ ఎక్కువే.

రెండోది పరీక్షలు. ఉమ్మడి బేస్‌తోపాటు ఉమ్మడి పరీక్షల గుత్తి కూడా వాళ్లు కట్టారు. ప్రతి కనెక్టరూ అవే పరీక్షలు పాసవ్వాలి. ఏది తనకు చేతనవునో, ఏది కాదో ప్రతి కనెక్టరూ ముందే ప్రకటించాలి: లిమిట్‌ను లోపలికి పంపగలను, ఫలానా జాయిన్ పంపలేను అని. చేతకాదని ప్రకటించినదాని విషయంలోనూ, అది నిజంగా సరిగ్గా నిరాకరిస్తోందా అని పరీక్షించే చోట్లు ఉన్నాయి. ఈ పద్ధతి మీ టీమ్‌లో పెడితే కొత్త కనెక్టర్ రాసేవాడు ఎవర్నీ అడగక్కర్లేదు. పరీక్షలు నడిపితే ఏం మిగిలిందో అవే చెబుతాయి. పరీక్షలు నిజమైన డేటాబేసుల మీద, కంటైనర్లలో లేపి నడపాలి. నకిలీ డేటాబేసు మీద పాసైన కనెక్టర్‌కు నేను విలువ ఇవ్వను.

అవతలివాళ్ల సర్వర్

కనెక్టర్ రాసేవాళ్లు మరిచిపోయేది ఒకటుంది: ఆ డేటాబేసు మనది కాదు. దాని మీద ఎవరో బిల్లింగ్ నడుపుకుంటున్నారు, ఎవరో కౌంటర్లో కస్టమర్‌తో మాట్లాడుతున్నారు. పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఒకేసారి 100 కనెక్షన్లే ఇస్తుంది. మన కనెక్టర్ ముప్పై టేబుళ్లకు ముప్పై కనెక్షన్లు తెరిచి కూర్చుంటే, వీధి కుళాయి దగ్గర ఒకే ఇంటివాళ్లు ముప్పై బిందెలు వరసలో పెట్టినట్టే. అందుకని కనెక్షన్ల పరిమితి బేస్‌లోనే ఉండాలి, తక్కువగా ఉండాలి, పెంచాలంటే అవతలి డీబీఏతో మాట్లాడి పెంచేలా ఉండాలి.

వరసలు తెచ్చుకునే సంఖ్య కూడా అలాంటిదే. ఒరాకిల్ జేడీబీసీ డ్రైవర్ ఏమీ చెప్పకపోతే ఒకసారికి 10 వరసలే తెస్తుంది, కోటి వరసల టేబుల్‌కు ఎన్ని సార్లు తిరగాలో మీరే లెక్కేసుకోండి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ డ్రైవర్లు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఏమీ చెప్పకపోతే మొత్తం ఫలితాన్ని మెమరీలోకి లాగేస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఫెచ్ సైజు పెడితే చాలదు, ఆటోకమిట్ కూడా ఆపాలి. లేకపోతే మీరు పెట్టిన సైజును అది పట్టించుకోదు. చిన్న టేబుళ్ల మీద పరీక్షించి ప్రొడక్షన్‌కు పంపితే మొదటి పెద్ద టేబుల్ దగ్గరే మెమరీ చాలక పడిపోతుంది. కాబట్టి ఇక్కడ బేస్ చెప్పాల్సింది ఉద్దేశం మాత్రమే: విడతలుగా తీసుకురా అని. ఎలా అన్నది కింది కనెక్టర్ చూసుకుంటుంది.

కొత్తగా మారిన వరసలను మాత్రమే తెచ్చుకోవడానికి మనం చివరి మార్పు సమయం ఉన్న కాలమ్ మీద ఆధారపడతాం. టెక్సస్‌లో నవంబర్ మొదటి ఆదివారం తెల్లవారుజామున రెండింటికి గడియారం వెనక్కి ఒంటిగంటకు వెళుతుంది. ఒంటిగంటకూ రెండింటికీ మధ్య గంట రెండుసార్లు వస్తుంది. స్థానిక సమయాన్ని రాసుకునే పాత సిస్టమ్ అయితే ఆ రెండో గంటలో మారిన వరసలు మీ గుర్తుకంటే పాతవిలా కనిపిస్తాయి, కనెక్టర్ వాటిని దాటేస్తుంది. మార్చిలో రెండో ఆదివారం ఒక గంట అసలు ఉండదు. హైదరాబాద్‌లో ఉన్న సగం టీమ్‌కు ఈ అనుభవమే లేదు, అక్కడ ఏడాది పొడుగునా ఒకే గడియారం. బేస్‌లో గుర్తు ఎప్పుడూ యూటీసీలోనే పెట్టండి, ప్రతిసారీ కొంత వెనక్కి వెళ్లి చదవండి, కీ చూసి రెండోసారి వచ్చినవాటిని తీసేయండి. వెనక్కి వెళ్లి చదవడానికి ఇంకో కారణం కూడా ఉంది: మనం చదివే క్షణానికి ఇంకా కమిట్ కాని లావాదేవీ పాత సమయంతో తర్వాత వచ్చి చేరుతుంది. ఇక తొలగించిన వరసలు ఈ పద్ధతిలో ఎప్పటికీ కనిపించవు. వాటికి డేటాబేసు లాగ్ చదవడమో, అప్పుడప్పుడు కీలన్నీ సరిపోల్చడమో చేయాలి. ఈ పరిమితిని మీ కనెక్టర్ పత్రంలో మొదటి పేజీలోనే రాయండి.

ఇంత పట్టింపు ఎందుకో చెబుతాను. తెలంగాణలో సమగ్ర వేదిక పేరుతో ప్రభుత్వ శాఖల డేటాబేసులను కలిపి అర్హతలు తేల్చే వ్యవస్థ ఉంది. అలాంటి లెక్కలతో రద్దయిన రేషన్ కార్డుల విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2022లో కోర్టు క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. అక్కడి సమస్య పేర్లు, మనుషులు జతపరచే లెక్కకు సంబంధించింది, కనెక్టర్‌ది అనను. కానీ డేటాబేసులు కలిపే ప్రతివాడూ ఆ సంగతి తెలుసుకుని ఉండాలి. ఒక కనెక్టర్‌లో తప్పు ఒక టేబుల్‌ను పాడుచేస్తుంది. బేస్‌లో తప్పు దానిమీద నిలబడ్డ అన్నిటినీ ఒకే రాత్రి పాడుచేస్తుంది, ఆ వరసల వెనక ఎవరి బియ్యమో, ఎవరి రుణమో ఉంటుంది.

మనుషుల దగ్గర పని

కోడ్ సగమే. ఉమ్మడి పని చేసేవాడికి అసలు కష్టం మనుషుల దగ్గర.

మేనేజర్ దగ్గరికి వెళ్లి 'మూడు నెలలు ఇవ్వండి, అంతా శుభ్రం చేస్తాను' అనకండి. ఎవరూ ఇవ్వరు, ఇవ్వకపోవడంలో న్యాయం కూడా ఉంది. రాబోయే కనెక్టర్ గడువులోనే దీన్ని కలపండి. మూడో కనెక్టర్‌కు ఎన్నాళ్లు పట్టింది, బేస్ వచ్చాక నాలుగోదానికి ఎన్నాళ్లు పట్టింది, రాత్రి ఫోన్లు ఎంత తగ్గాయి అన్నది రాసిపెట్టుకోండి. ఆ కాగితమే అప్రైజల్‌లో మీ తరఫున మాట్లాడుతుంది. ఉమ్మడి పని పైకి కనిపించదు కాబట్టి దాన్ని కనిపించేలా చేయడం కూడా మీ పనే. అందులో గొప్పలు చెప్పుకోవడం ఏమీ లేదు.

పాత కనెక్టర్ రాసినవాళ్ల దగ్గరికి ముందే వెళ్లండి. వాళ్ల కోడ్‌లో కనిపించే ప్రతి వింత లైను వెనక ఒక రాత్రి ఉంటుంది. 'ఏమండీ, ఈ రెండు సెకన్ల ఆగుడు ఎందుకు పెట్టారు?' అని అడిగితే, పాత ఫైర్‌వాల్ కథ ఒకటి బయటికి వస్తుంది. అది మీ తేడాల కాగితంలోకి వెళ్లాలి. అడగకుండా తీసేస్తే ఆ రాత్రి మళ్లీ వస్తుంది, ఈసారి మీకు. అడిగినందుకు ఇంకో లాభం కూడా ఉంది. బేస్ బయటికి వచ్చిన రోజు అది 'మన' బేస్ అని వాళ్లంతట వాళ్లే అంటారు.

కాదనడం నేర్చుకోండి. ఏదో టీమ్ వచ్చి 'మాకొక్కరికి ఒక ఫ్లాగ్ పెట్టండి' అంటుంది. మొహమాటం మన పెంపకంలోనే ఉంది, పైగా అడిగేవాడు శనివారం మన పిల్లలతో క్రికెట్ ఆడించే అన్నయ్యే కావచ్చు. అతనికి కాదని మాత్రమే చెప్పి పంపేయక్కర్లేదు. 'బేస్‌లో పెట్టలేను, కానీ మీ కనెక్టర్‌లో పెట్టుకునేలా ఇక్కడ ఒక చోటు తెరుస్తాను, కూర్చుని ఇద్దరం రాద్దాం' అనండి. స్నేహం నిలుస్తుంది, బేస్ కూడా నిలుస్తుంది.

చివరిగా అప్పగింత. మనలో చాలామంది కాంట్రాక్టు మీద పనిచేస్తాం, ప్రాజెక్టు ముగిస్తే ఇంకో క్లయింటు దగ్గరికి వెళతాం. మీరు లేకపోతే నడవని బేస్ కట్టి మీ ఉద్యోగం పదిలం చేసుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. ఆ సలహా వినకండి. ఇదే డాలస్‌లో టాంటెక్స్ తెలుగు సంఘం 'నెల నెలా తెలుగు వెన్నెల' సాహిత్య సభను నడుపుతోంది. కార్యవర్గాలు మారుతుంటాయి, సభ మాత్రం నడుస్తూనే ఉంటుంది. వచ్చేవాళ్లకు ఎలా అప్పగించాలో మనకు తెలుసు, ఆఫీసులోనూ అదే చేయాలి. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో ఒక్కో దానికి అరపేజీ రాయండి. అయిదో కనెక్టర్ మీరు రాయకండి, ఇంకొకరి చేత రాయించండి, పక్కన కూర్చోండి. వాళ్లు ఎక్కడ తడబడ్డారో అక్కడ బేస్‌ను సరిచేయండి. ఇలా పనిచేసినవాడిని ఆ టీమ్ పది ఇంటర్వ్యూల్లో తలుచుకుంటుంది. ఈ ప్రాంతంలో ఉద్యోగాలు ఎక్కువగా తిరిగేది ఆ తలుచుకోవడం మీదే.

ఈ వారం ఒక పని చేయండి. మీ టీమ్‌లో ఉన్న కనెక్టర్లలో ఏ మూడైనా తీసుకుని, పేజీని మూడు నిలువు గళ్లుగా విభజించండి. నల్, తేదీ, కోట్, పేజీ, ఫెచ్ సైజు, టైమ్‌జోన్, తెలుగు పేరు: ఈ ఏడింటికీ ఒక్కో గడిలో ఆ కోడ్ ఇప్పుడు ఏం చేస్తోందో రాయండి. ఖాళీగా మిగిలిన గళ్లను ఆ కోడ్ రాసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి అడగండి.